శుక్రవారం కునుకు

"అధ్యక్షా! మిల్లుల్లో చేతులు తెగిపోతున్నాయని నేను చెబుతుంటే, అక్కడ ఒకాయన హాయిగా గురక పెడుతున్నారు!"

సభ గొల్లున నవ్వింది.

మాట్లాడుతున్నది నర్సమ్మ. ఆస్పత్రిలో పద్దెనిమిదేళ్లు గాయాలకు కట్లు కట్టి, మొన్నటి ఎన్నికల్లో గెలిచి చట్టసభకు వచ్చింది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

గురక పెడుతున్నది పాలక పక్షం బెంచీల్లోని పెద్దాయన. ఆయన్ని అందరూ కునుకు తాత అంటారు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

నర్సమ్మ పెట్టిన బిల్లు రెండే పేజీలు. తిరిగే యంత్రానికి కవచం బిగించకుండా దాని దగ్గర మనిషిని పనిలో పెట్టకూడదు. అంతే. ప్రభుత్వం తేకపోతే తనే సొంతంగా తెచ్చింది. అలాంటి బిల్లులకు సభ ఇచ్చేది శుక్రవారం మధ్యాహ్నం ఒక్కటే, అందరికీ ఇంటిమీద ధ్యాస మళ్లే వేళ.

పాలక పక్షానికి మిల్లు యజమానులూ కావాలి, కార్మికుల ఓట్లూ కావాలి. అందుకే ఎదురు ఓటేసి చెడ్డపేరు తెచ్చుకోకుండా, ఒక్కొక్కరే టీకి జారుకోమని వాళ్ల విప్ అందరి చెవిలో ఊదాడు. విప్ మాట కాదంటే పదవే ఊడుతుంది. సభ నడవాలంటే నలభై మంది ఉండాలి. దాన్నే కోరం అంటారు. మాట్లాడక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. ఒక్కరు తగ్గినా ఆ రోజుకి సభ ముగిసినట్టే.

"ఇది సభా, సత్రమా? లేపండి ఆయన్ని!" నర్సమ్మ బల్ల చరిచింది.

తలుపు దగ్గరి మార్షల్ వెళ్లాడు కాని, తాత భుజం మీద చెయ్యి వెయ్యడానికి ఎందుకో తటపటాయించాడు.

"చూస్తారేంటండీ, లేపండి!"

తాత కళ్లు తెరిచాడు. తలుపు బయట నిలబడి విప్ రమ్మని సైగ చేస్తున్నాడు.

"ఎంత పని చేశావమ్మా," అని గొణిగి, చేతికర్ర అందుకుని తాత బయటికి నడిచాడు.

రెండు నిమిషాల్లో పాలక పక్షం వాడొకడు లోపలికి తొంగిచూసి, కోరం లెక్కపెట్టమన్నాడు.

ముప్ఫై తొమ్మిది.

కోరం గంట ఐదు నిమిషాలు మోగింది. ఒక్కరూ తిరిగి రాలేదు. సభ ముగిసింది.

నర్సమ్మకు ఒళ్లు మండిపోయింది. "అందాకా నిద్రపోయి, సరిగ్గా అప్పుడే టీ గుర్తొచ్చిందట మహానుభావుడికి!" అని కనిపించిన విలేకరికల్లా చెప్పింది.

మర్నాడు పేపర్లో కార్టూను. సభ మధ్యలో మంచం, మంచం మీద కునుకు తాత. ఊరూ వాడా నవ్వుకుంది. పరువు పోతోందని పార్టీ వారం తిరక్కుండా ఆయన చేత రాజీనామా చేయించింది. ఆయన ఒక్క మాట సంజాయిషీ చెప్పుకోలేదు. పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు.

"పీడ విరగడైంది," అంది నర్సమ్మ.

బిల్లుకు మళ్లీ వంతు వచ్చేసరికి నెల గడిచింది. సమావేశాలకు అదే ఆఖరి శుక్రవారం. ఇప్పుడు పోతే బిల్లు మళ్లీ మొదటికొస్తుంది.

ఆ ఉదయం ఆస్పత్రి నుంచి ఫోను.

"అక్కా, ఇంకో కేసు. నూలు మిల్లు అమ్మాయి. పెళ్లయి ఆరు నెలలట. కుడి చెయ్యి మోచేతి దాకా పోయింది."

నర్సమ్మ ఫోను పెట్టేసింది. తర్వాత నడుం బిగించింది.

"ఇవాళ నలభై మందిని కూర్చోబెట్టకపోతే నేను నర్సునే కాదు."

పాలక పక్షం వాళ్లు ఎలాగూ రారు. మిగిలినవాళ్ల మీద పడింది. క్యాంటీన్లో నలుగురిని టీ గ్లాసుల ముందు నుంచి లేపింది. లైబ్రరీలో ఇద్దరి చేతుల్లోంచి పేపరు లాగేసింది. కారెక్కబోతున్న రైతు నాయకుడికి అడ్డంగా నిలబడింది.

"జ్వరంగా ఉందమ్మా, ఇంటికి పోనీ!"

"జ్వరం సంగతి నేను చూస్తా పదండన్నా. లోపల కూర్చుని మూలగండి. మూలిగేవాళ్లు కూడా కోరంలో లెక్కే!"

అనుకున్నట్టే పాలక పక్షం వాడొకడు గుమ్మంలోంచి కోరం అడిగాడు. గంట మోగింది. లెక్క తేలింది.

నలభై ఒకటి!

"బిల్లుకు అనుకూలమైనవారు?" అని అడిగారు అధ్యక్షులు.

నలభై ఒక్క గొంతులూ ఒక్కసారి లేచాయి. జ్వరం గొంతే అన్నిటికన్నా పెద్దగా వినిపించింది.

"వ్యతిరేకులు?"

వ్యతిరేకించాల్సిన వాళ్లంతా టీ తాగుతున్నారు.

బిల్లు నెగ్గింది. నర్సమ్మ కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"సాధించారమ్మా," అన్నాడు తలుపు దగ్గర మార్షల్.

"సాధించాను సరే, నెల ఆలస్యమైంది కదయ్యా. ఈ లోపల ఒక పిల్ల చెయ్యి పోయింది. ఆ పాపం మీ కునుకు తాతదే. ఆ రోజు ఆయన లేచి పోకుండా ఉంటే..."

మార్షల్ తల దించుకున్నాడు.

"ఆ రోజు గుమ్మంలో నిలబడి నేనూ లెక్కపెట్టానమ్మా. మీరు లేపమనేదాకా సభలో ఉన్నది సరిగ్గా నలభై మంది."

"అంటే?"

"ఇరవై రెండేళ్లుగా చూస్తున్నానమ్మా, ఆయన సభలో ఒక్కనాడూ నిద్రపోలేదు. విప్ అందరినీ బయటికి పొమ్మన్న శుక్రవారాల్లో మాత్రం, మీలాంటివాళ్ల బిల్లు పడిపోకూడదని, కళ్లు మూసుకుని గురక పెట్టేవారు."