ఫోటోలో లేని ఐజాక్

ఇలా దగ్గరికి జరిగి కూర్చో, మా మనవడి సంగతి చెబుతాను. మా ఐజాక్ జీతానికి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు. బంతి పట్టుకుని పరిగెత్తే వాడికి అడ్డంపడి కూలదోయడం వాడి పని.

నిన్న పేపర్లో వాళ్ల మ్యాచ్ ఫోటో పడింది. వన్ టౌన్‌లో మా వీధంతా తిప్పి చూపించాను. వాడు మాత్రం మొహం మాడ్చుకున్నాడు.

"నాను కనబడితే గదా మామ్మా! ఎప్పుడూ బంతున్నోడి మొకమే ఏత్తారు. ఆడి ముందున్న ఈపే నాది. ఇంక ఆట మానేత్తాను."

"ఈపు బాగుందిరా. పని సెప్తే మీ తాత కూడా ఇదే సూపించేవోడు."

పక్కింటి రోజలిన్ కిసుక్కున నవ్వింది. వాడు నవ్వలేదు. ఆటలో పెట్టుకునే హెల్మెట్ తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "ఇందులో మొక్కలేసుకో అక్కా," అన్నాడు.

నేను పేపరు వాడి ముక్కు కింద పెట్టాను.

"బంతున్నోడి కళ్లు సూడు. గుడ్లు బయటికొచ్చేత్తన్నాయి. ఎవుళ్ని సూసి? ఫోటో తీసినోణ్నా?"

వాడు పేపరు అందుకుని దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"నన్నే, మామ్మా."

వెంటనే రోజలిన్ చేతిలోంచి హెల్మెట్ లాక్కున్నాడు.

ఇది మరిచిపోకు. ఫోటోలో మా ఐజాక్ ఏడని ఎవరైనా అడిగితే, ఆ బెదిరిన కళ్లలో ఉన్నాడని నా మాటగా చెప్పు.