నలభై ఏడో పెట్టె

"అమ్మా, పాత క్యాంటీన్ కాడ నెట్టు బందైంది."

కౌముది తలెత్తి చూసింది. గుమ్మంలో ఒక పెద్దాయన. తెల్లచొక్కా, భుజాన గుడ్డసంచి, చేతిలో అంచు పగిలిన ఫోను.

ఆ యూనివర్సిటీ క్యాంపస్‌లో వంద వైఫై పెట్టెలున్నాయి. అన్నీ కౌముది బాధ్యతే. ఒకప్పుడు ఏది పాడైనా నిచ్చెన వేసుకుని దాని దగ్గరికే వెళ్ళాల్సి వచ్చేది. ఇప్పుడు ఆమె కుర్చీలోంచి కదలకుండా వందనీ నడిపిస్తుంది.

ఆ సుఖం ఊరికే రాలేదు. పెట్టెకు ఏడాదికి పన్నెండు వేలు లైసెన్సు. కట్టకపోతే అది గోడమీద బల్లిలా అతుక్కుని ఉంటుంది తప్ప పనిచేయదు.

ఈసారి కంపెనీ ధర పెంచింది. పది పెట్టెలు తగ్గించమన్నాడు పై అధికారి ఆత్రేయ. కౌముది కంప్యూటర్లో జాబితా తెరిచి, తక్కువమంది వాడేవి వరసగా కొట్టేసింది.

మూతబడ్డ క్యాంటీన్ పక్కనున్న నలభై ఏడో పెట్టె అన్నిటికంటే ముందు పోయింది. దానికి రోజూ తగిలేది ఒకే ఒక్క ఫోను. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా.

ఆ ఒక్కరూ ఇదిగో, ఈయన.

"అక్కడ తీసేశాం తాతగారూ. లైబ్రరీ దగ్గర బాగా వస్తుంది, వెళ్ళండి."

"లైబ్రరీ కాడ నాకు పనికిరాదు బిడ్డా. క్యాంటీన్ కాడనే కావాలె."

"అయితే ఫోన్లో డేటా వేయించుకోండి."

"ఏయించిన. సగంలనే అయిపోతున్నది. బొమ్మ ఆగిపోతున్నది."

బొమ్మ అనగానే కౌముదికి అంతా అర్థమైపోయినట్టు అనిపించింది. సినిమాల పిచ్చి!

"రోజూ గంటన్నర చూస్తే అయిపోదా మరి?" అంది నవ్వుతూ.

ఆయన కూడా మొహమాటంగా నవ్వాడు.

"ఇంక పది దినాలే బిడ్డా. పది దినాలిస్తే చాలు."

"ఒక్క మనిషి కోసం ఏడాది డబ్బు ఎలా కట్టమంటారు?"

ఆయన ఫోను సంచిలో వేసుకున్నాడు. దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ పది రోజుల్లో ఏముందో కౌముది అడగలేదు.

మర్నాడు సాయంత్రం స్కూటీ మీద ఇంటికి పోతూ ఆయన్ని చూసింది. క్యాంటీన్ పక్క గదిలో ఎవరో లెక్చరరు, క్యాంపస్ పనివాళ్ళ పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. బయట కిటికీ కింద పెద్దాయన, రెండు చేతులతో ఫోను నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

పాపం, సిగ్నల్ కోసం పాట్లు పడుతున్నాడనుకుంది.

తర్వాతి రోజూ అంతే. మోచేతులు గోడకు ఆనించాడు గానీ ఫోను దించడం లేదు.

నాలుగోరోజు ఆయన లేడు.

కౌముదికి మనసు మనసులో లేదు.  మర్నాడు పొద్దున్నే ఆఫీసుకొచ్చి, తన గదిలో పెట్టెకున్న లైసెన్సు తీసి నలభై ఏడుకు మార్చింది. ఆత్రేయకు చెప్పలేదు.

సాయంత్రం ఆరు కాగానే జాబితా తెరిచింది. నలభై ఏడో పెట్టె ఎదురుగా సున్నా.

ఏడున్నర దాకా చూసింది. సున్నా.

రోజూ అదే. తొంభై వరసల్లో మిగతా అంకెలేవీ ఆమె కంటికి ఆనలేదు. ఆ సున్నా ఒకటైతే చాలు. ఆ గుడ్డసంచి, ఆ మొహమాటపు నవ్వు మళ్ళీ ఒక్కసారి గుమ్మంలో కనపడితే చాలని ప్రాణం కొట్టుకుంది.

వారమైనా ఒకటి కాలేదు. ఇక ఉండబట్టలేక గేటు దగ్గర సెక్యూరిటీ పరశురాంని అడిగింది.

"మల్లన్న తాతనా మేడం? తార్నాకల కమలాదేవమ్మ ఇంటిమీద రేకుల రూముల ఉంటడు."

తార్నాక సందులో ఇల్లు దొరికింది. కమలాదేవి మేడ మీంచి బట్టలు తీసుకుని దిగుతోంది.

"మల్లన్నా? ఖాళీ చేసి వెళ్ళిపోయాడమ్మా. వారం దాటింది."

"నెట్ మళ్ళీ పెట్టించానండీ. ఆయనకు చెబుదామని..."

"ఇంకెందుకూ? పరీక్ష నిన్ననే అయిపోయిందిగా."

"ఎవరి పరీక్షండీ?"

"వాళ్ళ ఊరి హాస్టల్ ఆడపిల్లలది. పాలిటెక్నిక్ ఎంట్రన్సు. నలభై మంది. అక్కడ లెక్కలు చెప్పే దిక్కు లేదట. మీ క్యాంపస్‌లో ఎవరో సారుని బతిమాలుకుని, ఆ పాఠమంతా కిటికీలోంచి ఫోన్లో చూపించేవాడు. వాళ్ళక్కడ టీవీకి పెట్టుకుని వినేవారు. దానికోసమే ఏడాదిగా నా గదిలో అద్దెకున్నాడు."

"పది రోజులు అడిగింది అందుకేనా?" అంది కౌముది.

"ఆఖర్లో నెట్ పోయింది. పిల్లలు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఇంక నేనీడ ఉండి ఏం లాభమమ్మా అని సంచి సర్దుకున్నాడు."

కౌముది మెట్టు మీద కూర్చుంది. ఒక్క ఫోను వెనక నలభై మంది. ఏ జాబితా ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. తనూ అడగలేదు.

"ఆయన... వాళ్ళ మాష్టారాండీ?" అంది.

కమలాదేవి బట్టలు మడతపెట్టడం ఆపింది.

"మాష్టారేంటమ్మా, సంతకం కూడా రాదు, ఆ హాస్టల్లో ముప్పై ఏళ్ళు అన్నం వండి దిగిపోయిన వంటమనిషి."