ఫ్రిజ్ తలుపు మీది శాసనం

రాతి మీద చెక్కించిన శాసనాలు అరిగిపోయాయి, రాగిరేకుల మీద రాయించినవి చిలుము పట్టాయి. నేటికీ మానవజాతిని అదుపులో ఉంచుతున్న శాసనం ఒక్కటే మిగిలింది. అది ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అతికించినది. రేక్యావిక్ నగరంలో ఆ కాగితం లేని వంటిల్లు అరుదు. చలికాలంలో పన్నెండేళ్లు, అంతకు లోపు పిల్లలు రాత్రి ఎనిమిది దాటాక, పదమూడు మొదలు పదహారు దాకా ఉన్నవారు పది దాటాక, పెద్దల తోడు లేనిదే వీధిలో కనబడరాదు. గిస్సుర్‌కు అదంతా కంఠస్థం. ఆయన ఇంట్లో ఆఖరి పంక్తి మాత్రం పక్షిబొమ్మ అయస్కాంతం కింద ఉండిపోయింది. ఎంతటి మహాశాసనానికైనా ఆఖరి పంక్తి అచ్చువేసినవాడి చిరునామాయేనని ఆయన విశ్వాసం.

ఆ శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి, పాత శ్మశానం గేటు పక్కన గోడమీద కూర్చుని ఎండుచేప నములుతున్న పిల్ల మీద ఆయన టార్చి వెలుగు పడింది.

"మళ్లీ నువ్వేనా, స్వాలా?"

"నేనే. ఇంత ఆలస్యమేంటి గిస్సుర్? చలికి బిగుసుకుపోయా."

దొరికిన దొంగ పోలీసును మందలించడం చరిత్రలో అరుదు. గిస్సుర్ దాన్ని గంభీరంగా క్షమించాడు.

ఆయన పోలీసు కాడు. పేటలోని తల్లిదండ్రులు వంతులవారీగా పసుపుచొక్కా తొడుక్కుని, వేళ దాటి తిరిగే పిల్లల్ని ఇళ్లకు చేర్చే దళానికి ఈ ఏడాది నాయకుడు. యాభై రెండేళ్ల జీవితంలో ఆయనను వరించిన పదవి అదొక్కటే. గస్తీ దారి శ్మశానం నడిమధ్యగా సాగి, అవతలి బడి దగ్గర ముగుస్తుంది. మొదటి శుక్రవారం ఆయన దూరదృష్టితో ఆలోచించి, దీపాలున్న రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వెళ్లాడు. కుక్కను తిప్పుతూ ఎదురైన పాత నాయకురాలు స్టెయిన్వోర్ ఆ దూరదృష్టిని మెచ్చలేదు. కుర్రకారు దాక్కునేదే సమాధుల మధ్యననీ, ఇంకోసారి చుట్టు తిరిగితే చొక్కా విప్పి తనకిచ్చెయ్యమనీ తేల్చి చెప్పింది.

మరుసటి శుక్రవారం గేటు ముందు నిలబడి ఆయన చట్టం గురించి చాలాసేపు ధ్యానించాడు. ఆ ధ్యానంలోనే ఈ పిల్ల దొరికింది. వయసెంతంటే పన్నెండంది. ఇల్లెక్కడంటే శ్మశానానికి అవతల, నీలం రేకుల ఇల్లంది. బిడ్డను ఇల్లు చేర్చడం ధర్మం, ధర్మానికి అడ్డదారులు లేవు. ఇద్దరూ సమాధుల మధ్యగా నడిచారు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం అదే నేరం, అదే గోడ, అదే ఊరేగింపు.

ఇవాళ కూడా టార్చి స్వాలా చేతికిచ్చాడు. వెలుగు పట్టడం నేరస్థుల విధి అని మొదటి రోజే నియమం పెట్టాడు. తన చెయ్యి మాత్రం ఆమె భుజం మీద వేశాడు, పారిపోకుండా.

"ఈ శ్మశానానికి కాపలా ఎవరో తెలుసా?" అంది స్వాలా. "అందరికంటే ముందు పూడ్చిన మనిషే. ఆమె నిద్రపోదట. వచ్చేవాళ్లందరినీ లోపలికి తీసుకెళ్తుందట. అచ్చం నీ ఉద్యోగమే."

"నాకు చొక్కా ఉంది," అన్నాడు గిస్సుర్.

"నీ చెయ్యి వణుకుతోంది."

"చలి."

"తొడుగులున్నాయిగా?"

"పాతవి."

స్వాలా టార్చిని ఆయన పాదాల ముందుకు తిప్పి పట్టుకుంది.

గిస్సుర్‌ను కొన్ని వారాలుగా ఒక సందేహం తొలుస్తోంది. తెలివైన పిల్ల, పదేపదే ఒకేచోట ఎందుకు దొరుకుతుంది? ఇంట్లో పట్టించుకునేవాళ్లు లేరా? చెడు సావాసమా? లేక తనవంటి పెద్దమనిషి హితబోధ కోసం ఆ పసిమనసు తహతహలాడుతోందా? మూడోదే ఆయనకు సబబుగా తోచింది. అయినా అడిగాడు.

"మీ ఇల్లు అటు కదా. ఎప్పుడూ ఇటువైపు గేటు దగ్గరే ఎందుకుంటావు?"

"అక్కడైతే నీకు దొరుకుతా కదా."

మూడో సిద్ధాంతం రుజువైంది. ఇక ఆ తల్లికి విషయం తెలియజెయ్యడమే తరువాయి. నీలం రేకుల ఇంటి ముందు ఆయన గంట మీద వేలు పెట్టబోతే స్వాలా చొక్కా పట్టుకుని ఆపింది.

"వద్దు గిస్సుర్. అమ్మతో చెబితే నీకే బాగుండదు."

ప్రతి నేరస్థుడూ చివరికి ఆ మాటే అంటాడు. ఆయన గంట నొక్కాడు.

స్వాలా తల్లి హాల్బెరా చేతిలో అంట్లగుడ్డతో తలుపు తీసింది. గిస్సుర్ టార్చి తీసుకుని, చొక్కా సర్దుకుని, చట్టమనేది ఎందుకు పుట్టిందో మొదలుపెట్టి, పన్నెండేళ్ల పిల్ల వారంవారం ఎనిమిది దాటాక వీధిలో దొరకడం దాకా ఎక్కడా తడుముకోకుండా చెప్పాడు. ఆమె ఓపిగ్గా విన్నది.

"పన్నెండే, నిజమే. డిసెంబరులో పదమూడు నిండుతాయి," అంది. "కానీ చట్టం పుట్టినరోజు చూడదుగా, పుట్టిన ఏడాది చూస్తుంది. ఆఖరి పంక్తిలో ఉంది. దీనికి పది దాకా అనుమతి ఉంది."

గిస్సుర్ ఆమె భుజం మీదుగా వంటింట్లోకి చూశాడు. ఆ ఇంట్లో అయస్కాంతం కాగితం పైకొసన ఉంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మరి ఇన్ని వారాలు పట్టుకుంటే ఒక్కసారైనా కాదనలేదే? అయినా ఆడపిల్లకు ప్రతి శుక్రవారం ఈ చీకట్లో, ఒంటరిగా శ్మశానం దాటి అవతలికి వెళ్లాల్సిన పనేమిటి?"

స్వాలా తల వంచుకుని బూట్ల వంక చూసుకుంటోంది. హాల్బెరా ముఖంలో కూతురి పట్ల చిన్న గర్వం కదిలింది.

"పాపం, ఎవరో పెద్దాయనకు శ్మశానం దాటాలంటే భయమట, తోడెళ్తోంది."