పాత ప్రతి

తెర మీది నీలిగీత ముప్పాతిక వంతు నిండి ఆగిపోయింది. దాని కింద ఒక వాక్యం వెలిసింది: ‘డిస్కును చదవలేకపోతున్నాము.’

నోరీన్ కిటికీలోంచి జెట్టీ వైపు చూసింది. ఆకాశం నల్లబడుతోంది. వాన పడితే భర్త ఆల్బీ అక్కడ గాలంతో చేసే స్క్విడ్ల వేట చాలించి ఇంటికి వచ్చేస్తాడు. వచ్చి, చేతులు తుడుచుకుని, తిన్నగా ఈ కంప్యూటర్ ముందే కూర్చుంటాడు. ఈలోగా అతడి పుస్తకం ఉండవలసిన తీరున ఉండాలి.

“సముద్రంలో పడేసినా అన్నీ తిరిగి తెచ్చిపెడుతుందని ఈ సాఫ్ట్‌వేర్‌ను నాకు అంటగట్టింది నువ్వే కదా, బెర్నీ?”

పక్కింటి బెర్నీ అప్పటికే బల్ల కింద తల దూర్చాడు. “దాన్ని ఆడిపోసుకోకు. వైరు వదులైంది. మీ పిల్లి పనే అయ్యుంటుంది.”

“పిల్లి పోయి రెండేళ్లయింది.”

“అయితే దాని దయ్యం పని.” అతడు వైరు బిగించి లేచాడు. “ఏ తేదీ ప్రతి పెట్టావు?”

“ఎప్పుడూ పెట్టేదే.”

గీత మళ్లీ మొదటి నుంచి బయలుదేరింది.

వాలరూ రేవులో క్రేన్ నడిపి రిటైరైన ఆల్బీకి ఆ జెట్టీ చరిత్ర రాయడమే లోకం. “ఆ పుస్తకం రాస్తున్నంత కాలం మనిషి నీకు దక్కుతాడు,” అని డాక్టరమ్మ నోరీన్‌తో చెప్పింది. కిందటి చలికాలంలో ఈ రీస్టోర్ ఇలాగే మొరాయించింది. ఆ మధ్యాహ్నం తెర చూసిన ఆల్బీ, “నా పుస్తకంలో ఎవడో చెయ్యి పెట్టాడు!” అని కేకలు వేస్తూ, చెప్పులైనా లేకుండా వీధిన పడ్డాడు. చివరకు జెట్టీ కొసన, కమ్మీకి అవతల నిలబడి కనిపించాడు. బెర్నీయే మాటల్లో పెట్టి ఇవతలికి లాగాడు.

రేకుల కప్పు మీద మొదటి చినుకు టప్పున పడింది.

“వచ్చేస్తాడు,” అంది నోరీన్.

“గేటు దగ్గర నేను ఆపుతాను. నువ్వు కదలకు.”

కాసేపటికి బయటి నుంచి మాటలు వినిపించాయి.

“ఏరా ముసలోడా, ఇవా స్క్విడ్లు? నా బూట్ల తాళ్లు ఇంతకంటే లావుగా ఉంటాయి!”

“నీ కళ్లకు పొరలు కమ్మాయిలే. అడ్డు లేవరా, తడిసిపోతున్నాను. నాకవతల రాసుకునే పనుంది.”

గీత నిండింది. తెర నల్లబడింది. వంటింట్లో బకెట్ దింపిన చప్పుడు. నోరీన్ డిస్కును అల్లిక బుట్టలో ఉన్ని కిందికి తోసింది. తెర వెలిగింది.

ఆల్బీ కూర్చున్నాడు. కళ్లద్దాలు సవరించుకుని ఒక్కొక్క పుటే దాటించాడు.

“నోరీన్!”

“ఏం? అంతా సరిగ్గానే ఉందా?”

“ఎందుకుండదూ? చివరి అధ్యాయం ఒక్కటే మిగిలింది. ఇవాళ దాని అంతు తేలుస్తాను.”

మధ్యాహ్నమంతా మీటలు టకటకలాడాయి. పక్కన పెట్టిన పాస్టీ, మాంసం కూరిన రొట్టె, చల్లారిపోయింది. పొద్దు వాలే వేళకు కేక వినిపించింది: “అయిపోయింది!”

అతడి కళ్లు మెరుస్తున్నాయి. అలమారాలోంచి వైన్ సీసా తీశాడు. “ఈ రోజు కోసమే దాచాను. ఆ బెర్నీగాణ్ణి కూడా పిలు.”

బెర్నీ వచ్చి గ్లాసు ఎత్తాడు. “నీ పుస్తకం ధర్మమా అని నా గొంతు ఎండడం లేదురా.”

నోరీన్ అతడి వైపు కళ్లురిమింది.

ఆల్బీ చివరి పుట పైకి చదివాడు. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగి కళ్లద్దాలు తీశాడు. నోరీన్ కళ్లు తుడుచుకుంది.

“ఇంత బాగా ఇదివరకెప్పుడూ రాయలేదు నువ్వు,” అంది. ఆ మాట ఆమె నిజంగానే అంది.

మర్నాడు ఉదయం ఆల్బీ గాలం భుజాన వేసుకుని గేటు దాటగానే, నోరీన్ ఉన్ని కింద నుంచి డిస్కు తీసి తగిలించి, మూడేళ్లుగా రోజూ చేస్తున్నట్టే, రాసినట్టు ఆల్బీకి ఇక గుర్తులేని ఆ చివరి అధ్యాయాన్ని చెరిపేసి, అది ఇంకా రాయని నాటి ప్రతిని వెనక్కి తెచ్చింది.