కూర్మమ్మ వేలిముద్ర

కూర్మమ్మ బొటనవేలికి సిరా ఉంది.

శవానికి స్నానం చేయించడానికి వచ్చిన పొరుగింటి చిట్టమ్మ ముందుగా చూసింది. చూసి, ఆ చెయ్యి మెల్లగా కింద పెట్టింది.

“పేనం పోయినాక ఈ మనిషి చేత ముద్ర ఎవులేయించినారు?” అంది.

పెద్దకొడుకు లక్ష్ముడు గోడవైపు తిరిగాడు.

చిన్నకొడుకు కాసులు గబుక్కున వచ్చి తల్లి చెయ్యి ఎత్తి చూశాడు. పొద్దుట్నుంచీ ఏడవనివాడు అప్పుడు గొంతెత్తాడు.

“ఇల్లు రాయించీసుకున్నావా? సచ్చిపోయినదాని ఏలు అద్దీసినావేటి?”

“బతికున్నప్పుడే ఏసింది.”

“ఇంకా తడి ఆరనేదు, సూడు!”

బరంపురంలోని ఆ ఇల్లు కూర్మమ్మ పేరున ఉంది. ఉండేది మాత్రం చెరో సగంలో కొడుకులు. ఆవిడకు పెరట్లో కట్టెలు వేసుకునే రేకుల పాక ఇచ్చారు. నడుం పడిపోయిన దగ్గర్నుంచీ ఆవిడ అందులోనే. వీపంతా పుండ్లు పడి వాసన వేస్తోందని, కోడళ్లు కంచం గుమ్మంలో పెట్టి కాలితో లోపలికి తోసేవాళ్లు.

ఇప్పుడూ లోపలికి రాలేదు. లక్ష్ముడి భార్య నీలమ్మ మొగలి అత్తరు అద్దిన గుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటే నిలబడింది.

“పక్కబట్టల్తోటే ఎత్తీమనండి. ఈ కంపులో కడగడాలెందుకు?”

చిట్టమ్మ ఒక్కతే ఆ మనిషిని ఇటు నుంచి అటు తిప్పలేకపోయింది.

అప్పుడొచ్చాడు చేపలాయన.

వారం వారం సముద్రపొడ్డునున్న మార్కండి నుంచి సైకిలు మీద చేపలు తెచ్చి ఆ వీధిలో అమ్ముకునే మనిషి. జుట్టు పూర్తిగా నెరిసింది. సైకిలు గోడకు చేరేసి, వచ్చి పాక ముందు నిలబడ్డాడు. ఏమైందని ఎవరినీ అడగలేదు.

“ఒరే, ఇయ్యాల సేపలేటి? గుమ్మం ఎక్కకు!” లక్ష్ముడు కసిరాడు.

“సేపలకి కాదు బాబూ. సిట్టమ్మ పిన్నికి సాయం పడదామని.”

లోపలికి వెళ్లి, ముసలమ్మను రెండు చేతులా ఎత్తుకుని బయటికి తెచ్చాడు. చీము అతని చొక్కాకు అంటింది. అతను చూసుకోలేదు.

చిట్టమ్మ చీర అడ్డం కట్టి స్నానం చేయించింది. ఆ లోపల అతను నీళ్లు తోడి అందించాడు. పురుగులు పట్టిన బొంత తీసి తగలబెట్టాడు. పాక నేల గీకి గీకి కడిగాడు. ఆఖరికి ఆవిడ పక్కన కూర్చుని, బొటనవేలికి కొబ్బరినూనె రాసి తుడవడం మొదలుపెట్టాడు.

సిరా పూర్తిగా పోలేదు.

“సూడండి, ఊరికినే సేత్తాడా? రేపు ఏటో ఒకటి అడుగుతాడు,” అంది నీలమ్మ అత్తరు గుడ్డలోంచి.

ఎండెక్కింది. పాడె సిద్ధమైంది. కాసులు దానికి అడ్డం నిలబడ్డాడు.

“ఆ కాయితం నా సేతికి రావాల. అప్పుడే శవం లెగుత్తాది.”

“ఇవ్వను.”

అన్నదమ్ములు పాడె మీదుగా ఒకడి చొక్కా ఒకడు పట్టుకున్నారు. పెనుగులాటలో కాయితం రెండు ముక్కలైంది. ఎవరికి చిక్కిన ముక్క వాళ్లు జేబులో దోపుకున్నారు.

మోయడానికి వచ్చినవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. ఒకాయన థూ అని ఉమ్మి వీధిలోకి నడిచాడు.

చేపలాయన తువ్వాలుతో శవం మీద ఈగలు తోలుతూ ఉన్నాడు.

“బాబూ, ఎండలో ఉంది. ముందు ఎల్లనీండి.”

“నీకేట్రా బాధ? మా అమ్మ, మా ఇష్టం!” అన్నాడు కాసులు.

అతను తల దించుకున్నాడు.

శ్మశానంలో మంట అంటుకోగానే అన్నదమ్ములు ఇంటిదారి పట్టారు. ఒకణ్ణి వదిలి ఇంకొకడు ముందుగా ఇంట్లో అడుగుపెడతాడేమోనని ఇద్దరికీ భయం. చేపలాయన ఒక్కడే ఎడంగా, నేలమీద, కట్టె కాలేదాకా కూర్చున్నాడు.

తర్వాత అతను ఆ వీధికి మరి రాలేదు. చేపల కోసం తప్ప అతన్నెవరూ తలుచుకోలేదు.

కర్మలు అయ్యాక, వారసులెవరో విచారించడానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఒడియా ఆయన. తెలుగు తడుముకుంటూ మాట్లాడాడు.

“కూర్మమ్మకి పిల్లలు ఎంతమంది?”

“ఇద్దరమే!” తల్లి పోయాక అన్నదమ్ములు ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే.

ఆయన చిట్టమ్మ వైపు తిరిగాడు. “సత కుహ, మావుసీ. నిజం చెప్పాలి.”

చిట్టమ్మ వాళ్లిద్దర్నీ తేరిపార చూసింది.

“ముగ్గురు,” అంది.

“ఏటి పిన్నీ, మతి పోయిందేటి?” లక్ష్ముడు లేచాడు.

“నానూ, మీ అమ్మా ఒక్కూరోళ్లం. మీ అయ్యకంటే ముందు దానికి ఇంకో మనువైంది. ఆ మొగుడు సముద్రానికి ఎల్లి మరి రానేదు. అప్పటికే సంకలో గుంటడు. ‘ఆడ్ని తెస్తే నిన్నేలుకోను’ అన్నాడు మీ అయ్య. నాయనమ్మ కాడ ఆడ్ని ఒగ్గీసి, ఏడుస్తూ వచ్చింది.”

నీలమ్మ మొగుడి మొహం చూసింది.

వాడి పేరేమిటని ఎవరూ అడగలేదు. బతికున్నాడా అని కూడా అడగలేదు.

“అయితే ఇప్పుడు వాటాకి వస్తాడేటి?” అన్నాడు కాసులు.

“రాడు,” అంది చిట్టమ్మ. “కాష్టం కాడ్నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చినాడు. గుక్కెడు నీళ్లు తాగి, ‘నానెవుల్నో సెప్పకు పిన్నీ, తమ్ముళ్లు సిన్నబుచ్చుకుంటారు’ అనీసి, సైకిలెక్కి ఎల్లిపోయినాడు.”