జనుము ఆకు కుట్టు

కూతురి కొత్త చలికోటు ఎడమ చేతి మీద జానెడు అతుకు చూసి మిత్సుయో భగ్గుమంది.

నీలం గుడ్డ, దాని మీద తెల్లదారంతో జనుము ఆకుల కుట్టు. ఎత్తి చూస్తే అడుగున కత్తెర గాటు.

"ఎవరే కోసింది?"

పదేళ్ల రిహో నేల చూపులు చూసింది.

"బుధవారం బడికొచ్చి సాషికో కుట్లు నేర్పే ముసలమ్మేనా?"

రిహో నోరు విప్పలేదు. ఆ మౌనమే చాలు మిత్సుయోకి.

చేపల కర్మాగారంలో పొద్దస్తమానం నిలబడి సంపాదించి కొన్న కోటు. పాత ఊరి బడిలో తోటిపిల్లలు రిహోని కాల్చుకు తింటున్నారని ఇల్లూవాకిలీ వదిలి ఈ రేవు ఊరికి వచ్చి ఏడాదైనా కాలేదు. ఇక్కడా ఇదేనా?

బుధవారం సెలవు పెట్టి, హెడ్మాస్టారిని వెంటబెట్టుకుని క్లాసులోకి దూసుకెళ్లింది.

పిల్లలు బల్లల చుట్టూ చేరి కుడుతున్నారు. కినూ మామ్మ ముక్కు చివర కళ్లద్దాలతో ఒకడి భుజం మీదుగా వంగి, "దారం అంత బిగలాగకురా, గుడ్డకి ఊపిరాడొద్దూ?" అంటోంది.

"ఏమమ్మా పెద్దమ్మా! నీ పాఠానికి నా కూతురి కోటే దొరికిందా?"

సూదులు ఆగిపోయాయి.

"చిరిగింది కుట్టడం నేర్పు, కాదనను. కుట్టడం కోసం చింపడమేమిటి? అడిగే దిక్కులేదనుకున్నావా?"

కినూ మామ్మ కళ్లద్దాల మీదుగా రిహో వంక చూసింది. రిహో కళ్లార్పకుండా ఆవిడకేసే చూస్తోంది.

ముసలమ్మ లేచి, నడుము వంచి తల దించింది.

"నేనే కోశానమ్మా. బుద్ధి గడ్డి తింది. తప్పు నాదే."

"విన్నారా హెడ్మాస్టారూ? తన నోటితోనే ఒప్పుకుంది! ఈవిడ ఇంకోసారి ఈ గడప తొక్కితే నేను ఊరుకునేది లేదు!"

గొడవంటే హడలిపోయే హెడ్మాస్టారు ఒనోదెరా, "ఇక రాకండి మామ్మా" అన్నాడు గోడకేసి చూస్తూ.

కినూ మామ్మ సూదుల డబ్బా గుడ్డలో మూటగట్టుకుని వెళ్లిపోయింది.

మంచు పడడం మొదలైన వారంలో మామ్మ కన్నుమూసింది.

అంత్యక్రియలకు వెళ్లి తీరాలని రిహో మొండికేసింది. "కోటు కోసినావిడకి దణ్ణం కూడానా!" అని గొణుక్కుంటూనే మిత్సుయో వెంట నడిచింది.

మామ్మ ఇంటి ముందు బడిపిల్లలు వరస కట్టారు. ఒక్కొక్కరే చిటికెడు ధూపం వేసి చేతులు జోడిస్తున్నారు. ప్రతి కోటు ఎడమ చేతి మీదా అదే తెల్లని జనుము ఆకు.

మిత్సుయోకి ఒళ్లు మండిపోయింది.

"చూశావా, ఎంతమంది కోట్లు నాశనం చేసిందో! పోయింది కాబట్టి సరిపోయింది, లేకపోతే..."

"అమ్మా, చాలు!"

రిహో అరుపుకి అందరూ వెనక్కి తిరిగారు.

"మామ్మ కోయలేదు. క్లాసులో వాళ్లు కోశారు. నీకు తెలిస్తే మళ్లీ ఊరు మార్చేస్తావని, చెప్పొద్దని నేనే మామ్మ కాళ్లావేళ్లా పడ్డాను."

మిత్సుయో వరసలోని పిల్లల వైపు తిరిగింది.

"మరి... వీళ్ల కోట్లు?"

"వాటిలో ఒక్కటీ చిరగలేదు. నా ఒక్కదాని చేతి మీదే అతుకుంటే వేలెత్తి చూపిస్తారని, నువ్వు వెళ్లగొట్టాక కూడా, కోసినవాళ్లతో సహా అందర్నీ ఈ అరుగు మీద కూర్చోబెట్టి, వాళ్ల మంచి కోట్ల మీద వాళ్ల చేతే అదే ఆకు కుట్టించింది."