ఒక్కరూ చూడని పాట

“ఈసారి ఒక్కరంటే ఒక్కరూ చివరిదాకా చూడలేదు మామా,” అంది కయల్విళి, ఫోన్ అతని ముందుకు తోస్తూ.

అంజప్పన్ చూడలేదు. డప్పు తోలు ఎండకు తిప్పుతున్నాడు. చచ్చినవాళ్ల ఇళ్ల ముందు ఒప్పారి అనే ఏడుపుపాట పాడటం అతని పని. నాగపట్టినం దిగువన ముప్పై ఏళ్లుగా అతను ఏడిపించని రేవుపల్లె లేదు. ఆ పాటల్ని వీడియో తీసి పేజీలో పెట్టడం మేనకోడలు కయల్విళి పని. ఆమెకి బజారులో ఫోటో స్టూడియో ఉంది.

“రెండేళ్ల కింద పాటకి నలభై వేలమంది చూసేవాళ్లు. ఇప్పుడు మూడొందలు. రీచ్ ఇలా పడిపోతే మనల్ని పిలిచేవాడుండడు.”

“జనం చావడం మానరుగా.”

“చస్తారు. పాడటానికి ఇంకొకణ్ని పిలుస్తారు. నువ్వు డప్పు వాయించి, దేవుళ్లని తిట్టి, పోయినవాడి పేరెత్తేసరికి నాలుగు నిమిషాలు. ఈలోపు జనం వేలితో జరిపేసి పోతున్నారు. చివరిదాకా చూసేవాళ్లుంటేనే ఆ పాట ఇంకో నలుగురి కంట పడుతుంది. ఈ ఏడాది ప్రతి పాటకీ ఆ ఒక్కరైనా ఉండేవారు. సముద్రంలో పోయిన ఈ చెల్లదురై పాటకి అదీ లేదు.”

అంజప్పన్ చేతిలో తోలు ఆగింది.

“ప్రతి పాటకీ ఒక్కరేనా?”

“ఒక్కరే. ఐసు ఫ్యాక్టరీ పెద్దాయనకి ఒకరు. వలలల్లే పేచ్చికి ఒకరు. పాము కరిచిన చిన్నపిల్లకి ఒకరు.”

“ఎప్పుడు చూశారు?”

కయల్విళి వేలితో కిందికి జరిపింది. “అన్నీ పాడిన రోజు సాయంత్రమే. భలేగా ఉందే!”

“మీ అత్తది చూడు.”

“అదెందుకు మామా? దానికి నువ్వే తాళం వేయించావు కదా. నీ ఫోన్లో తప్ప తెరుచుకోదు.” చూసి, గొంతు తగ్గించింది. “ఒకరు. దహనమైన సాయంత్రమే. నువ్వే చూసుంటావులే.”

అంజప్పన్ ఆ పాటని ఇవాళ్టిదాకా తెరవలేదు. ఆ సాయంత్రం అతని ఫోన్ కయల్విళి స్టూడియోలో బాగుచేయడానికి విప్పి పడి ఉంది.

చచ్చినవాళ్లు ఎవరి పాట వాళ్లే చూసుకుంటున్నారు.

చెల్లదురై చూసుకోలేదు.

అంజప్పన్ లేచాడు. పడవ బోల్తాపడిందని చెప్పారు తప్ప చెల్లదురై శవం దొరకలేదు. అన్న కాత్తముత్తు మూడు రోజులు వెతికించి, గడ్డిబొమ్మకి నిప్పు పెట్టించాడు. తమ్ముడికి మూడు రోజులు చాలనుకున్నాడు. ఇవాళ పదహారో రోజు. ఎండెక్కకముందే చెల్లదురై పెళ్లాం పూంగోదై మెడలో తాళి తీసేస్తారు.

“ఎక్కడికి మామా? దీనికి వాడి ఫోటో మార్చి, పేరు పైకి తెస్తాను. రీచ్ ఎందుకు రాదో చూస్తా!”

“ఏదైనా చేసుకో,” అంటూ అతను వీధిలో పడ్డాడు.

వెళ్లేసరికి పూంగోదైని పీట మీద కూర్చోబెట్టారు. ఒక ముసలిది తాళి మీద చెయ్యేసింది.

“తియ్యకండి! చెల్లదురై బతికున్నాడు!”

కాత్తముత్తు ఎగిరిపడ్డాడు. “చావుపాట పాడేవాడివి, బతుకు గొడవ నీకెందుకురా?”

“పొద్దున్నే ఎంత పోశాడో వాసన చూడండి,” అన్నారెవరో.

పూంగోదై తలెత్తింది. “ఎవరు చెప్పారన్నా?”

“ఎవరూ చెప్పలేదు. చచ్చినవాళ్లందరూ నా పాట విన్నారు. నీ మొగుడు వినలేదు.”

అంతా నవ్వారు. పూంగోదై నవ్వలేదు. బతికున్నాడని ఆమె పదహారు రోజులుగా అంటుంటే పిచ్చిదన్నారు. ముసలిదాని చేతులు విదిలించి, తాళిని జాకెట్లో దోపుకుని, పీటని కాలితో తన్నింది.

“పొండి! అన్నీ మింగారుగా, ఇక పొండి! నాకు వంటుంది. ఆయన వస్తూనే ఆకలంటాడు.”

“దీని ఖర్మ,” అంటూ కాత్తముత్తు తుండు దులుపుకుని నడిచాడు. వెనకే మిగిలినవాళ్లూ కదిలారు. ఆడవాళ్లు ఉత్త చేతులతో పోలేక అరటిపళ్లు తీసుకుని పోయారు.

వాకిట్లో ఇద్దరే మిగిలారు. పూంగోదై పొయ్యి రాజేస్తూ అడిగింది. “ఏ రేవులో తేలాడో! కబురైనా పంపడు. ఎప్పటికొస్తాడంటావన్నా?”

ఆమె మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది. ముప్పై ఏళ్లలో అంజప్పన్ పాడి వెళ్లిన ఏ ఇంట్లోనూ అలాంటి మొహం చూడలేదు. వస్తాడమ్మా అనబోయాడు.

ఫోన్ మోగింది. కయల్విళి అరుపు పొయ్యి దాకా వినబడింది.

“మామా! నేను చెప్పలేదూ? ఫోటో మార్చి గంట కాలేదు, చెల్లదురై పాటకి రీచ్ కదిలింది!”

అంజప్పన్ ఫోన్ని చెవికి గట్టిగా అదుముకున్నాడు.

“ఇప్పుడే ఒకరు చివరిదాకా చూశారు.”